పురుగు నేర్పిన కోత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో గాలి కొట్టింది. మర్నాడు తెల్లవారి తలుపులు తీసినవాళ్లకు చాలాచోట్ల రోడ్డు కనిపించలేదు. ఎటు చూసినా కూలిన చెట్లే! ఆ చెట్లను దాటి అంబులెన్సు రావాలి, పాల వ్యాను రావాలి, కరెంటు స్తంభాలు వేసుకుని లారీ రావాలి. అడ్డం పడిన మాను తొలగితేగాని మిగతా ఏ పనీ మొదలు కాదు.

అలాంటి రోజున వీధి చివర ఒక చప్పుడు మొదలవుతుంది. స్కూటరు గొంతు కాదది. ఇంకా సన్నగా, ఇంకా కోపంగా, గీపెట్టినట్టు ఉంటుంది. ఒక మనిషి రెండు చేతులతో ఒక యంత్రాన్ని పట్టుకుని మానుమీద ఆనించి ఉంటాడు. చూస్తూ ఉండగానే దుంగ రెండు ముక్కలవుతుంది. అదే చైన్ సా. పల్లెల్లో దీన్ని కట్టింగ్ మిషన్ అనేస్తారు. మనం గొలుసు రంపం అందాం.

మీ తాతగారినడిగి చూడండి. ఆయన చిన్నతనంలో దూలం కోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దుంగను ఎత్తుమీద పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి, పొడుగాటి రంపాన్ని పైకీ కిందికీ లాగేవారు. కింద నిలబడినవాడి కళ్లల్లోనే పొట్టంతా పడేది పాపం! పూటంతా చేసే ఆ పనిని ఈ యంత్రం నిమిషాల్లో చేసేస్తుంది. ఎలా చేస్తుందో, మొరాయించినప్పుడు ఎందుకు మొరాయిస్తుందో, దీన్ని పట్టినవాడు దేనికి భయపడాలో చూద్దాం. మీరు దీన్ని ముట్టుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు ఉంది. కాని ఇందులో ఉన్నదంతా మీ పాఠాల్లో ఉన్న సైన్సే కనుక, అర్థం చేసుకోవడానికి వయసు అడ్డం కాదు.

ఎముకల నుంచి మానుల దాకా

పళ్లున్న గొలుసుతో కోయాలన్న ఆలోచన మొదట వచ్చింది కట్టెలు కొట్టేవాళ్లకు కాదు, వైద్యులకు! 1830 ప్రాంతంలో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో బెర్నార్డ్ హైనే అనే ఆయన ఎముకలు కోయడానికి ఒక పరికరం చేశాడు. చిన్న పట్టీ చుట్టూ పళ్లున్న గొలుసు, దాన్ని తిప్పడానికి ఒక పిడి. అప్పటికి మత్తుమందు ఇంకా రాలేదు. కోత ఎంత త్వరగా అయితే రోగికి అంత మేలు.

ఈ గొలుసు అడవికి చేరింది చాలా కాలం తర్వాతే. 1926లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే గొలుసు రంపాన్నీ, 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేదాన్నీ తయారుచేశారు. ఇద్దరూ జర్మన్లే. ఆ తొలి యంత్రాలను మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఇంజను బరువు ఒక బాధ. దాన్ని మించిన బాధ ఇంకొకటి ఉంది. గొలుసుమీద పళ్లు మామూలు రంపం పళ్లలాగే ఉండేవి. చెక్కను గీకి గీకి పొడిచేసేవి. త్వరగా అరిగిపోయేవి. కోసే సమయం ఎంతో, పదును పెట్టే సమయం అంత!

1946లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒకరోజు కట్టెలు కొడుతున్నాడు. ఒక మొద్దులో చూపుడువేలంత పురుగు కనిపించింది. అది ఒక పెంకుపురుగు డింభకం. గట్టి చెక్కలో హాయిగా దారి దొలుచుకుంటూ పోతోంది. పోగు వెంబడే కాదు, పోగుకు అడ్డంగా కూడా! మనమైతే ‘ఛీ పురుగు’ అని గొడ్డలి మడమతో ఒక్కటి వేసి ఊరుకునేవాళ్లం. కాక్స్ అలా చేయలేదు. కూర్చుని దాని నోరు చూశాడు. దాని దవడలు రెండు వంపు కత్తుల్లా ఉన్నాయి. ఒకటి ఎడమవైపు చెక్కుతుంది, ఇంకోటి కుడివైపు చెక్కుతుంది. గీకడం లేదు, చెక్కడమే.

కాక్స్ ఇంటికి వెళ్లి ఆ దవడలనే ఉక్కులో చేయబోయాడు. ఒక పన్ను ఎడమకు వంగి, తర్వాతి పన్ను కుడికి వంగి, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. 1947లో ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. ఇవాళ మీ ఊళ్లో కోస్తున్న యంత్రంలో ఉన్నది కూడా ఆ పురుగు దవడల వంశమే.

ఒక్క పన్ను కథ

ఆ పన్నును దగ్గరగా చూడండి. పక్కనుంచి చూస్తే దానికి రెండు బుడిపెలు కనిపిస్తాయి. వెనకది అసలు పన్ను. అది తలకిందులుగా ఉన్న ఎల్ అక్షరంలా వంగి ఉంటుంది. దాని మూల ముందుగా చెక్క పోగుల్ని అడ్డంగా తెంపుతుంది. పైభాగం ఉలిలా ఆ తెగిన పోగుల్ని లేపేస్తుంది. ముందున్న చిన్న బుడిపె ఏమీ కోయదు. మరెందుకు? అది పన్నుకు కాపలాదారు. పన్ను పైఅంచు కంటే అది మిల్లీమీటరులో సుమారు మూడింట రెండు వంతులు తక్కువ ఎత్తులో ఉంటుంది. చెక్కమీద ముందుగా అది ఆనుతుంది గనుక, ఆ తేడా ఎంతో అంతమందమే పన్ను కొరకగలదు. వడ్రంగి చిత్రిక పట్టేటప్పుడు గమనించారా? చెక్క కిందికి ఉలి ఏ మాత్రం పొడుచుకు రావాలో ముందే సర్దుకుంటాడు. ఎక్కువ వస్తే చెక్కలో ఇరుక్కుంటుంది, తక్కువ వస్తే ఊరికే జారిపోతుంది. ఇదీ అంతే.

ఇక్కడే ఒక చిక్కుంది. పన్ను పైభాగం వెనక్కి పోయేకొద్దీ కొంచెం కిందికి వాలి ఉంటుంది. పదును పెట్టిన ప్రతిసారీ పన్ను వెనక్కి అరుగుతుంది. అంటే కొంచెం పొట్టిదవుతుందన్నమాట. కాపలాదారు మాత్రం ఎప్పటిలాగే నిటారుగా నిలబడి ఉంటాడు. కొన్నాళ్లకు ఇద్దరి ఎత్తూ సమానమైపోతుంది. అప్పుడు పన్ను ఎంత పదునుగా ఉన్నా చెక్కను అందుకోలేదు! ‘నిన్ననే పదును పెట్టాను, అయినా తెగడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది ఈ చిన్న బుడిపె సంగతి మరిచినవాళ్లే. అయిదారుసార్లు పదును పెట్టాక ఒకసారి బల్లపరుపు ఆకురాయితో దీన్నీ కాస్త తగ్గించాలి. అలాగని ఎక్కువ తగ్గిస్తే మరో ప్రమాదం. పన్ను లోతుగా కొరికి, యంత్రం చేతుల్లోంచి ఎగిరిపడుతుంది.

పన్నుకు పదును పెట్టేది గుండ్రటి ఆకురాయితో. సాధారణంగా గొలుసుకు 30 డిగ్రీల వాలులో పట్టుకుని, లోపలినుంచి బయటికి తోస్తారు. వెనక్కి లాగేటప్పుడు ఆనించకూడదు. ఎడమ పళ్లన్నీ ఒక దఫా, కుడి పళ్లన్నీ ఒక దఫా. ఒక్కో పన్నుకు రెండుమూడు తోపులు, అన్నిటికీ సమానంగా. ఎడమ పళ్లు పొడుగ్గా, కుడి పళ్లు పొట్టిగా మిగిలితే ఏమవుతుంది? ఒకవైపు ఎడ్డు బలంగా, రెండోవైపు ఎడ్డు బక్కగా ఉన్న బండిలాగా కోత ఒక పక్కకు గుంజుకుపోతుంది. కోత వంకర పోయిందంటే పట్టినవాడి చెయ్యి వంకర అనుకోకండి. ఒక వరస పళ్లు మొద్దుబారాయన్నమాట. చెట్టులో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకు తగిలినా అంతే.

గొలుసు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కిందికి చూస్తే చాలు. చిన్న చిన్న పేళ్లు రాలుతున్నాయా? పళ్లు పదునుగా ఉన్నాయి. మెత్తటి పొట్టు, పిండిలాగా రాలుతోందా? పళ్లు చెక్కడం మానేసి గీకుతున్నాయి. అంటే పురుగు దవడ పోయి పాత రంపం మిగిలిందన్నమాట. అప్పుడు పట్టినవాడు యంత్రాన్ని బలంగా అదుముతాడు. పదునైన గొలుసు తనంతట తానే చెక్కలోకి దిగుతుంది. అదమవలసి వచ్చిందంటే ఆపి ఆకురాయి తీయవలసిందే. అదిమి కోసేవాడు త్వరగా అలిసిపోతాడు. అలిసినవాడి కాలూ చెయ్యీ తడబడతాయి. ఈ పనిలో తడబాటుకు చోటు లేదు.

పళ్లు త్వరగా మొద్దుబారేది చెక్కవల్ల కన్నా మట్టివల్ల. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టితనంలో పన్ను ఉక్కుకు ఏమాత్రం తీసిపోదు. గొలుసు కొస ఒక్క క్షణం నేలను తాకిందా, పొద్దున పెట్టిన పదునంతా మట్టిపాలు! తుపానులో పడిన చెట్లు బురదలో దొర్లి ఉంటాయి కనుక, తెలిసినవాళ్లు ముందు బెరడును గొడ్డలితో చెక్కి శుభ్రం చేసుకుని అప్పుడు రంపం పెడతారు. టేకులోనైతే ఆ ఇసుక పదార్థం, అంటే సిలికా, చెక్కలోపలే ఉంటుంది. టేకు కోసేవాడి జేబులో ఆకురాయి ఎప్పుడూ ఉండడానికి కారణం అదే.

ఒక లెక్క చేద్దాం

పెన్సిలు తీయండి. ఒక పెద్దసైజు గొలుసు రంపంలో గొలుసును తిప్పే చక్రానికి 7 పళ్లు. ఒక్కో పన్ను గొలుసును దాదాపు 19 మిల్లీమీటర్లు ముందుకు లాగుతుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే 133 మిల్లీమీటర్లు. కోసేటప్పుడు ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకండుకు 150 చుట్లు. 150ని 133తో గుణిస్తే? సెకండుకు దాదాపు 20 మీటర్లు! గంటకు 72 కిలోమీటర్లన్నమాట. హైవేమీద బస్సు పోయే వేగం. 20 అంగుళాల పట్టీమీద ఉండే గొలుసు పొడవు సుమారు 1 మీటరు 37 సెంటీమీటర్లు. దాని మీద 36 పళ్లుంటాయి. ఒకచోట నిలబడి లెక్కపెట్టగలిగితే సెకండుకు 500కు పైగా పళ్లు మీ ముందునుంచి దూసుకుపోతాయి.

ఈ వేగంతో ఉక్కు ఉక్కును రాసుకుంటూ పోతే ఏమవుతుంది? అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని చూడండి, తెలుస్తుంది. అందుకే గొలుసుకు నూనె అందాలి. యంత్రంలో పెట్రోలు తొట్టి వేరు, గొలుసు నూనె తొట్టి వేరు. నూనె అందుతోందో లేదో చూడడానికి తెలివైన ఉపాయం ఒకటుంది. రంపం కొసను లేత రంగు చెక్కకో, పాత వార్తాపత్రికకో దగ్గరగా, తగలకుండా పట్టి ఇంజను వేగం పెంచుతారు. కాగితంమీద నూనె చుక్కల గీత పడితే సరే. గీత పడలేదంటే నూనె దారి మూసుకుందన్నమాట. పట్టీ గాడిలో పొట్టు, నూనె కలిసి ముద్దకట్టి ఉంటాయి. పదునైన గొలుసు పొగలు కక్కుతోందంటే మొదట అనుమానించవలసింది ఇదే.

వేడికి గొలుసు సాగుతుంది. రైలుపట్టాల సంగతి మీకు తెలిసిందే. వేడెక్కి వేలాడుతున్న గొలుసును బిగించి కోత సాగిస్తారు. సాయంత్రం పని ముగియగానే మళ్లీ వదులు చేయాలి. మరిచిపోతే? రాత్రి చల్లారి కుంచించుకుపోయిన గొలుసు ఇంజను ఇరుసును పట్టి లాగుతూ ఉంటుంది.

తలకిందులైనా ఆగని ఇంజను

ఒకప్పుడు లూనాకో పాత స్కూటరుకో పెట్రోలు పోయించేటప్పుడు అందులో నూనె కూడా కలిపేవారు. గొలుసు రంపం ఇంజను కూడా ఆ జాతిదే. రెండు దెబ్బల ఇంజను. కారు ఇంజనుకు అడుగున నూనె మడుగు ఉంటుంది. రంపాన్ని పక్కకు తిప్పుతాం, ఒక్కోసారి తలకిందులు చేస్తాం. మడుగు ఉంటే ఒలికిపోదూ? అందుకే నూనెను పెట్రోలులోనే కలిపి పంపుతారు. చాలా యంత్రాలకు 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె. అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. అసలు కలపకుండా పోస్తే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ గీతలు పడి సిలిండరులో కరుచుకుపోతుంది. ఇక ఆ ఇంజనుకు పెద్ద ఖర్చే. కార్బురేటరు కూడా అంతే. తేలే బెండున్న గిన్నె రకం పెట్టలేరు. దాని బదులు పల్చని పొర ఒకటి ఊగుతూ పెట్రోలును కొలిచి ఇస్తుంది. ఎటు తిప్పినా దానికి పట్టింపు లేదు.

ఇంజను తిరుగుతున్నా, కోయనప్పుడు గొలుసు కదలకూడదు. ఎలా? రంగులరాట్నం ఎక్కినప్పుడు వేగం పెరిగేకొద్దీ బయటికి తోసేసినట్టనిపిస్తుంది కదూ. ఇంజను ఇరుసుకు చిన్న ఉక్కు దిమ్మలు స్ప్రింగులతో బిగించి ఉంటాయి. నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగులు వాటిని లోపలికి పట్టి ఉంచుతాయి. వేగం పెరగగానే దిమ్మలు బయటికి జరిగి చుట్టూ ఉన్న డొల్లను ఒరుసుకుంటాయి. డొల్ల తిరుగుతుంది, దానితో గొలుసు తిరుగుతుంది. చెయ్యి తీసినా గొలుసు పాకుతూనే ఉందంటే? స్ప్రింగు తెగి ఉంటుంది, లేదా ఇంజను నెమ్మదివేగం ఎక్కువగా పెట్టి ఉంటారు. ఆ యంత్రాన్ని బాగుచేసేదాకా పక్కన పెట్టవలసిందే.

మొరాయించిన యంత్రం దగ్గర చాలామంది చేసే పని ఒక్కటే. తాడు లాగడం. ఇంకా లాగడం! అపరాధ పరిశోధకుడైతే అలా చేయడు. ఇంజనుకు కావలసినవి పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. లోపల నొక్కుడు కూడా ఉండాలనుకోండి. ఏది లేదో కనుక్కోవడమే పని.

పొద్దున్నే చల్లటి ఇంజనుకు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ ఇవ్వడానికి చోక్ వేస్తారు. తాడు లాగితే ఒక్కసారి ‘ఠప్’మని దగ్గి ఆగుతుంది. ఆ దగ్గు వినగానే చోక్ తీసేయాలి. వినిపించుకోకుండా లాగుతూ పోతే సిలిండరంతా పెట్రోలుతో తడిసిపోతుంది. ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంటుంది. దాన్ని తుడిచి, ఆరబెట్టి, చోక్ లేకుండా లాగితే చాలా వరకు లేచి కూర్చుంటుంది. ఎంత లాగినా ప్లగ్గు పొడిగానే ఉందా? అయితే పెట్రోలే రావడం లేదు. తొట్టి లోపల ట్యూబు కొసన ఉండే చిన్న ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు.

ఇప్పుడొక పొడుపు. యంత్రం బాగానే మొదలైంది. పావుగంట కోసి ఆగిపోయింది. తొట్టిలో పెట్రోలు ఉంది, ప్లగ్గు బాగుంది. కాసేపు ఆగి లాగితే మళ్లీ నడిచింది. మళ్లీ ఆగింది. ఎందుకు? మీ అమ్మ నూనెడబ్బాకు ఒక చిల్లు పొడిచి ఊరుకుంటుందా? రెండో చిల్లు కూడా పొడుస్తుంది. ఎందుకంటే నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. పెట్రోలు తొట్టికి కూడా గాలి పోయే సన్నని దారి ఉంటుంది. అది పొట్టుతో మూసుకుపోతే, పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి, చివరికి పెట్రోలు రావడం ఆగిపోతుంది. ఇంజను చల్లారాక మూత తిప్పితే ‘స్స్’మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడవుతుంది. దొంగ దొరికినట్టే! (వేడిగా ఉన్న ఇంజను దగ్గర మాత్రం పెట్రోలు మూత ఎవరూ తీయకూడదు. పెట్రోలు పోశాక కూడా కొన్ని అడుగులు దూరం జరిగి తాడు లాగాలి.)

ఇంజను నడుస్తోంది కాని నల్లటి పొగ, బలం లేదు. అయితే గాలి ఫిల్టరు పొట్టుతో పూడిపోయిందేమో చూడాలి. ఇంజను అరుస్తోంది, గొలుసు మాత్రం కదలడం లేదు, ఏదో కాలిన వాసన. ఇది అన్నిటికంటే సులువు. బ్రేకు వేసి ఉంది! నవ్వకండి, అనుభవజ్ఞులకు కూడా జరుగుతుంది.

ఆ బ్రేకు గురించి చెప్పకపోతే ఈ యంత్రం గురించి చెప్పినట్టే కాదు. పట్టీ కొస గుండ్రంగా ఉంటుంది. అక్కడ గొలుసు పైనుంచి కిందికి మలుపు తిరుగుతుంది. ఆ కొస పైభాగంలో, ఓ పావు చుట్టు మేర, ఏదైనా కొమ్మకు తగిలిందనుకోండి. గొలుసు ఆ కొమ్మను ముందుకు తోయబోతుంది. కొమ్మ కదలదు. న్యూటన్ మూడో సూత్రం ఉండనే ఉంది. రంపమే పైకీ వెనక్కీ ఎగురుతుంది, పట్టుకున్నవాడి ముఖంమీదికి! ఏదైనా జరిగినట్టు మన కన్ను చూసి, మెదడుకు చెప్పి, చెయ్యి కదలడానికి సెకండులో 5వ వంతు దాకా పడుతుంది. రంపం అంతకంటే ముందే వచ్చేస్తుంది. అంటే మనిషి జాగ్రత్త ఆ క్షణంలో పనికి రాదు. అందుకే 1970ల తొలినాళ్లలో గొలుసు బ్రేకులు వచ్చాయి. ముందు పిడి దగ్గర ఒక అడ్డు ఉంటుంది. రంపం పైకి ఎగరగానే చెయ్యి ఆ అడ్డుకు తగిలి బ్రేకు పడుతుంది. తగలకపోయినా పడేట్టు కూడా చేశారు. బస్సు హఠాత్తుగా కదిలితే మీరు వెనక్కి తూలినట్టు, రంపం ఒక్కసారిగా లేస్తే ఆ అడ్డు తన జడత్వంతో వెనకబడుతుంది. ఆ వెనకబాటే బ్రేకును వదులుతుంది. గొలుసు కన్ను మూసి తెరిచేలోగా ఆగిపోతుంది.

దీన్ని పట్టేవాళ్ల ప్యాంటు కూడా ఒక వింత. గుడ్డ లోపల పొడుగాటి బలమైన పోగులు పొరలుపొరలుగా పరిచి ఉంటాయి. గొలుసు తాకితే ఆ పోగులు బయటికి లాగబడి చక్రానికి చుట్టుకుని గొలుసును బిగదీసేస్తాయి. చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది గనుక చెవులకు మూతలు, కళ్లకు జాలీ, తలకు శిరస్త్రాణం ఉండాలి. మన దగ్గర ఇవేవీ లేకుండా, కాళ్లకు హవాయి చెప్పులతో కోసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లకు ధైర్యం ఎక్కువై కాదు. ఆ సరంజామా కొనిచ్చేవాళ్లు లేక. ఈమధ్య బ్యాటరీ రంపాలూ వచ్చాయి. పొగ లేదు, తాడు లాగే బాధ లేదు. కాని గొలుసు అదే, కొస అదే, ఎదురుదెబ్బా అదే.

కోయకుండా వదిలిన చెక్క

నిలబడిన చెట్టును పడగొట్టేటప్పుడు ముఖ్యమైనది ఏది? కోసిన భాగం కాదు, కోయకుండా వదిలిన భాగం!

ముందు చెట్టు ఎత్తు తెలియాలి. ఇది మీరు ఇవాళే బడి ఆవరణలో చేయవచ్చు. మీ కంటినుంచి చాచిన పిడికిలిదాకా ఎంత దూరమో అంత పొడవు కర్ర తీసుకోండి. చెయ్యి చాచి, కర్రను పిడికిలిపైన నిటారుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వెనక్కి నడవండి. కర్ర అడుగు చెట్టు మొదలుతోనూ, కర్ర కొస చెట్టు కొసతోనూ సరిగ్గా కలిసినచోట ఆగండి. మీరున్నచోటునుంచి చెట్టుదాకా ఎంత దూరమో చెట్టు ఎత్తు దాదాపు అంతే. సరూప త్రిభుజాల పాఠం గుర్తొచ్చిందా? కోసే సమయంలో ఆ ఎత్తుకు కనీసం రెండు రెట్ల దూరంలోపల ఇంకెవరూ ఉండకూడదు.

ఇక 50 సెంటీమీటర్ల మందం చెట్టు ఉందనుకుందాం. అది ఎటు పడాలో ఆ వైపు 10, 12 సెంటీమీటర్ల లోతున పుచ్చకాయ ముక్క తీసినట్టు గాటు తీస్తారు. తర్వాత వెనకవైపు నుంచి, గాటు మూలకంటే కొంచెం ఎత్తులో, అడ్డంగా కోసుకుంటూ వస్తారు. గాటును చేరకముందే, ఇంకా 5 సెంటీమీటర్లు, అంటే మందంలో 10వ వంతు ఉండగానే ఆపేస్తారు. ఆ మిగిలిన చెక్క తలుపు బందులాంటిది. చెట్టు దాని మీద తిరుగుతూ, తలుపు మూసుకున్నట్టు, అనుకున్నవైపే ఒరుగుతుంది. ఒరగకపోతే వెనక కోతలో ప్లాస్టిక్ చీలలు కొట్టి లేపుతారు. ఇంకొంచెం కోస్తే త్వరగా పడుతుంది కదా అని ఆ బందును కూడా తెంపేశారా, ఇక ఆ చెట్టు ఎటైనా పడవచ్చు. గాలి ఎటు వీస్తే అటు, కోసేవాడు ఎటుంటే అటు. చెట్టు కదలగానే కోసేవాడు వెనక పక్కకు, వాలుగా, ముందే శుభ్రం చేసి పెట్టుకున్న దారిలో వెళ్లిపోతాడు.

మరి తుపానుకు పడిన చెట్టుకు ఈ బెడద లేదు కదా అంటారేమో. అది ఇంకా మాయదారిది! పాత హవాయి చెప్పునుంచి ఒక పొడుగు ముక్క కోయండి. పక్కన పెన్నుతో నిలువు గీతలు దగ్గర దగ్గరగా గీసి, ముక్కను వంచండి. వెలుపలి వంపులో గీతలు దూరం జరుగుతాయి, లోపలి వంపులో దగ్గరవుతాయి. వెలుపల సాగింది, లోపల నొక్కుకుంది. రోడ్డు పక్క కాలవమీద వంతెనలా పడిన మానులో కూడా ఇదే జరుగుతోంది. పైభాగం నొక్కుకుని, అడుగు సాగి ఉంది. తెలియనివాడు పైనుంచే నేరుగా కోస్తాడు. సగానికి రాకముందే కోత మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. తెలిసినవాడు పైన కొంచెం కోసి ఆపి, మిగతాది అడుగునుంచి పైకి కోస్తాడు. ఒక కొసే ఆని రెండో కొస గాలిలో వేలాడుతుంటే అంతా తిరగబడుతుంది. ముందు అడుగున కొంచెం, తర్వాత పైనుంచి. పక్కకు వంగి బిగిసిన కొమ్మ అయితే విల్లులాంటిది. దాని వెలుపలి వంపువైపు ఎవరూ నిలబడరు. వీటన్నిటికీ ముందు, కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుందేమో చూసి, సరఫరా ఆపారని నిశ్చయం చేసుకోవాలి.

ఇంకొక్కటి ఉంది, ఇది మీకోసమే. వేళ్లతో సహా పెకలిన చెట్టు పక్కన ఒక మట్టి గోడ లేచి ఉంటుంది. దాని వెనక గుంట. దాగుడుమూతలకు ఎంత బాగుంటుందో! కాని ఆ గోడను అలా నిలబెట్టింది మాను బరువే. మాను కోసి వేరు చేయగానే, టన్నుల బరువున్న ఆ వేళ్ల ముద్ద ఒక్కసారిగా తన గుంటలోకి తిరిగి కూర్చుంటుంది. ఒక్కోసారి మొదలు నిటారుగా లేచి, చెట్టు మళ్లీ నిలబడినట్టే ఉంటుంది. అందుకే పని తెలిసిన మనిషి రంపం తాడు లాగబోయే ముందు చెట్టు చుట్టూ తిరిగివచ్చి, ఆ గుంటలోకి తొంగి చూస్తాడు.